నా చేతి సల్లబువ్వ

పోచమ్మకు బోనాలెత్తే రోజు నా చోటు తలుపు వెనుక. మా ఆయన పోయిన ఏడు, డప్పుల మోత మలుపు దగ్గర వినబడగానే మా తోటికోడలు వచ్చి, "అక్కా, జర లోపలికి పో. బోనాలు ఎదురొస్తున్నయ్" అంది. ఆమెకు నా మీద కోపం లేదు. అన్నం వడ్డించేటప్పుడు కాస్త పక్కకు జరగమన్నట్టే అంది. నేనూ జరిగాను. అప్పటినుంచి జరుగుతూనే ఉన్నాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు కాబట్టి ఇదంతా నోటితోనే చెబుతున్నాను.

మా ఊరు రేగొండ దగ్గర. పత్తి, వరి పండించుకునే ఇల్లు. ఒక్కతే బిడ్డ, మానుకోటలో ఇచ్చాం. బస్సు మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మేం మానుకోట అనే అంటాం. అల్లుడికి అక్కడ మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మంచివాడే. పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కలగలేదు. బిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా కూరల సంగతి, కరెంటు సంగతి మాట్లాడేది. అసలు సంగతి మాట్లాడేది కాదు. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం దిగేది కాదు.

ఒకనాడు చేను నుంచి వస్తూ పోచమ్మ దగ్గర ఆగాను. గుడి అంటే పెద్ద గుడి కాదు, నా నడుమెత్తు రాళ్ల గూడు. దానికి తలుపు కూడా లేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేక మట్టి చేతులతోనే మొక్కాను.

"తల్లీ, నా బిడ్డ ఒళ్లె ఒక్క పిల్లను పెట్టు. నా నెత్తిన బోనమెత్తుకొని నీ కాడికొస్త. నా చేతితోని నీకు బువ్వ పెడ్త."

ఏడాది తిరగకముందే మనవరాలు పుట్టింది. బాలింత రోజులన్నీ ఆ పిల్ల నా చేతుల మీదే ఉంది. మా ఆయన దాన్ని ఊపుతూ, "బోనం నీది, యాటపోతు నాది. ఊరంత పిలుద్దం" అన్నాడు. బోనం వండి నెత్తిన పెట్టుకోవడానికి కొత్త కుండ కూడా చెప్పి పెట్టాం. అంతలో మా పాలోళ్లలో, అంటే మా ఆయన పెద్దబాపు కొడుకు ఇంట్లో, చావైంది. పాలోళ్లలో చావైతే ఆ ఏడు పండుగ ఉండదు, బోనం ఎత్తకూడదు. మా దగ్గర ఎవరింట్లోనైనా ఇదే పద్ధతి. నేను దిగులు పడితే మా ఆయన నవ్వాడు.

"తల్లి ఏడికన్న పోతదా. ఆడనే ఉంటది. వచ్చే ఏడు ఎత్తుదువుగాని."

వచ్చే ఏడు బోనాల దాకా ఆయన ఉండలేదు. పత్తి గింజలు పెట్టే రోజుల్లో, చేనులోనే, రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆటోలో వేసుకుని భూపాలపల్లి దవాఖానకు బయలుదేరాం. దారి పొడుగునా బొగ్గు లారీలు. ఆయన తల నా ఒళ్లో ఉంది.

"ఇంకెంత దూరమే" అన్నాడు.

"వచ్చినం" అన్నాను.

మేం చేరేసరికి ఆయన లేడు.

దినాల నాడు బావి దగ్గర నా గాజులు పగులగొట్టారు, మెట్టెలు తీశారు, బొట్టు తుడిచారు. అప్పటికే నన్ను చూసిపోవడానికి వచ్చిన ఆడవాళ్లు పక్కనే నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మెల్లగా అన్న మాటలే బాగా వినబడతాయి.

"పిల్లనిచ్చింది గదా తల్లి. మరి ఈమె బోనమేది?"

"అందుకే ఇంటి మనిషిని తీసుకపోయింది."

నా తల మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఆ మాట మాత్రం లోపలికి దిగిపోయింది. పాలోళ్లలో చావైతే కదా ఆగింది అని చెప్పడానికి నోరు తెరవలేదు. నిజం చెప్పాలంటే, వాళ్లు అన్నది నాకే నిజమనిపించింది.

ఆ ఏడు శ్రావణంలోనే బోనాలు వచ్చాయి. ఆయన పోయిన ఇల్లు కాబట్టి మేం ఎలాగూ ఎత్తము. తోటికోడలు లోపలికి పొమ్మన్నది అప్పుడే. ఆ తర్వాతి ఏడు, నేను తలుపు వెనుక గొళ్లెం పట్టుకుని నిలబడి ఉండగా డప్పులు సరిగ్గా మా ఇంటి ముందు ఆగాయి. తల్లి ఒంటి మీదికొస్తే ఆమె మాట పలికే శివసత్తికి పూనకం వచ్చింది. ఆమె జుట్టు విరబోసుకుని మా వాకిలి వైపు చేయి చూపింది. తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది.

"మాటిచ్చిన ఇల్లు గిదే గదా. నా బోనమేది?"

అందరూ మా తలుపు వైపు చూశారు. నా తోటికోడలు తన బోనం నెత్తిన ఉండగానే ముందుకొచ్చింది. "తల్లీ, తప్పైతె కాయి. మా అక్క పేరు మీద నేనే ఇంకొక బోనం ఎత్తుకుంట" అంది.

ఊరి పెద్దమనిషి ఒకాయన అడ్డం వచ్చాడు. "గట్ల కుదరదు. మొక్కిన మనిషే ఎత్తాలె. ఇంకొకలు ఎత్తితె తల్లి ఒప్పదు."

"మరి మా అక్కను ఎత్తుకొమ్మంటవా పెద్దయ్యా?"

"ముండమోసినామె బోనమెట్ల ఎత్తుతది? నీకు తెల్వదా?"

"మరెట్ల?"

"నన్నేం అడుగుతవ్. తల్లినే అడుగుండ్రి."

ఎవరో శివసత్తి కాళ్ల మీద నీళ్లు పోసి శాంతం చేశారు. మళ్లీ డప్పులు మోగాయి, బోనాలు ముందుకు పోయాయి. నేను ఆ గొళ్లెం వదలలేదు.

ఎత్తకపోతే మాట తప్పినదాన్ని. ఎత్తితే అపచారం చేసినదాన్ని. ఈ రెంటి మధ్య నాకు నిలబడే చోటు లేదు. ఆ రోజు నుంచి చేనుకు పోయేటప్పుడు పోచమ్మ గూడు ముందునుంచి పోవడం మానేశాను. చుట్టూ తిరిగి, ముళ్ల కంప దాటి పోయేదాన్ని. దండం పెట్టడానికి చేతులు కలిస్తే విడదీసేదాన్ని. అన్నం తింటుంటే కూడా, ఇది నాకు దక్కవలసిన అన్నమేనా అనిపించేది. మనుషులు నన్ను అన్నారంటే ఓర్చుకోవచ్చు. తల్లే నన్ను తోసేసిందనుకున్నాక ఇంక ఎవరితో చెప్పుకోను? ఆమెతోనే కదా ఇన్నేళ్లూ చెప్పుకున్నది.

ఇంట్లో ఉండలేక కొన్నాళ్లు జనగామ దగ్గర నన్ను కన్న మా అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ కూడా నాలాంటిదే. మా బాపు పోయేనాటికి నేను లంగా జాకెట్టు వేసుకునే పిల్లను. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నీకు దేవుడు యాదికస్తడా?"

"యాదికి రాకేం బిడ్డా. రోజు వస్తడు. నేను ఆయన యాదిల ఉన్ననో లేనో."

"మరి మొక్కుతవా?"

"మొక్కుత. దూరంకెల్లి మొక్కుత. దగ్గరికి పోతె ఎవలన్న ఏమన్న అంటరు."

"గిన్నేండ్ల సంది దూరంకెల్లేనా?"

అవ్వ ఒక గింజ తీసి చాటలో వేసింది. "అలవాటైతది తియ్యి. నీకు గూడ అయితది."

నన్ను తిట్టినవాళ్ల మాటలకు ఏడ్చాను గానీ భయపడలేదు. అవ్వ మాటకు భయం వేసింది. ఆమె ముసలి వేళ్ల వైపు చూస్తుంటే నా ముందున్న ఏళ్లన్నీ కనబడ్డాయి.

అక్కడ ఉండగానే బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, పిల్లకు తల్లి పోసింది."

ఒళ్లంతా పొక్కులు వస్తే మా దగ్గర రోగమని అనరు. పోచమ్మ తల్లి ఆ పిల్ల మీదికి వచ్చిందంటారు.

"దవాఖానకు తీస్కపోయినమమ్మా. మందులిచ్చిండ్రు, తగ్గుతదన్నరు. నాకేమో చిన్నప్పుడు పొయ్యలె గదా, కడుపుతోని ఉన్న, దగ్గరికి పోవద్దన్నడు డాక్టరు. మా అత్తమ్మ చూస్తున్నది. పిల్ల ఆమె చేత తింటలేదు. నిన్నటిసంది అమ్మమ్మ కావాలె అని ఒక్కటే ఏడుపు."

"మీ అత్తమ్మ ఏమంటున్నది?"

"నువ్వైతె రా" అంది.

జనగామ స్టేషన్లో రైలెక్కాను. దారంతా ఒకటే ఆలోచన. మొదట ఆయన. ఇప్పుడు పిల్ల. నేను మొక్కి తెచ్చుకున్న పిల్ల. నేను పోయి ముట్టుకుంటే తల్లి కోపం ఇంకా పెరుగుతుందేమో. కాజీపేటలో దిగి వెనక్కి పోదామని సంచి భుజానికి వేసుకుని లేచాను. ఎక్కేవాళ్లు ఒక్కసారి మీద పడ్డారు, దిగలేకపోయాను. ధైర్యం చేసి పోయానని చెప్పుకోవడానికి లేదు. దిగడం కుదరక పోయాను.

మానుకోటలో ఇంటి గుమ్మానికి వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. లోపల పోపు వాసన లేదు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లు నూనె కాచరు. వియ్యపురాలు నీళ్ల చెంబు తెచ్చి గుమ్మం బయటే నా చేతికిచ్చింది.

"వదినె, కాళ్లు కడుక్కో. ఒక మాట చెప్త, ఏమనుకోకు."

"చెప్పు వదినె."

"తల్లి ఇంట్ల ఉన్నది. నీ మొక్కు ఆడనే ఉండిపాయె. గా కోపమే పిల్ల మీదికొచ్చింది అంటున్నరు."

"ఎవలంటున్నరు?"

"అందరంటున్నరు." ఆమె తలుపు వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. "నేను గూడ అంటున్న. దాచుడెందుకు."

చెంబు కింద పెట్టి, "నేను గీ అరుగు మీదనే ఉంట వదినె. బిడ్డను ఒక్కపారి కిటికీలకెల్లి చూసి పోత" అన్నాను.

అప్పుడు లోపలినుంచి గొంతు. "అమ్మమ్మొచ్చిందా? అమ్మమ్మను రమ్మను."

వియ్యపురాలి ముఖం మారింది. తల్లి పోసిన పిల్ల ఏదడిగినా కాదనకూడదు. బెల్లం అడిగితే బెల్లం, మామిడిపండు అడిగితే ఎక్కడినుంచైనా మామిడిపండు. ఆ నోటితో అడిగేది తల్లే అని మా నమ్మకం. పిల్ల నన్ను అడుగుతుంటే అప్పటిదాకా కాదంటూ వచ్చినందుకు ఆమె లోపల లోపల భయపడుతోందని నాకు అర్థమైంది. ఆమె పక్కకు జరిగింది. నేను ఎన్నాళ్లుగానో జరిగినట్టే జరిగింది.

పిల్ల చాప మీద, తెల్లటి గుడ్డ మీద పడుకుని ఉంది. ముఖమంతా పొక్కులే. కళ్లు మాత్రం దానివే. నన్ను చూసి చేతులు చాపింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. దండం పెట్టాలో ఎత్తుకోవాలో తెలియలేదు. పెడితే దూరం నుంచి పెట్టాలి. ఎత్తుకోవాలంటే ముట్టుకోవాలి.

"రా అమ్మమ్మా, దురద పెడ్తున్నది."

పోయి కూర్చున్నాను. తల నా ఒళ్లో పెట్టుకుంది.

ఆ రోజులన్నీ నేను ఆ గదిలోనే ఉన్నాను. డాక్టరిచ్చిన సిరప్ వేళకు పోశాను, పూయమన్నది పూశాను. వేపరెమ్మతో ఒళ్లంతా మెల్లగా రాశాను. స్నానం పోసే రోజు కోసం పసుపూ వేపాకూ నూరి పెట్టమంటే అదీ నేనే నూరాను. పసుపు నా గోళ్లలోకి పోయింది, అరచేతులు పచ్చబడ్డాయి. కూరలో చిటికెడు వేయడం వేరు, ఇలా చేతులు పచ్చబడటం వేరు. బావి దగ్గర కడిగేసిన రోజు తర్వాత నా చేతులు అలా కావడం అదే మొదటిసారి. కడుక్కోవాలని లేచి, మళ్లీ కూర్చున్నాను. పిల్ల వదలడం లేదు.

ఒక మధ్యాహ్నం అది నిద్రపోయిందనుకుని నోరు విప్పాను. ఇన్నాళ్లు మూసుకున్న నోరు. "కోపం నా మీదనైతె నన్ను పట్టుకో తల్లీ. ఆయనెందుకు? గీ పసిదెందుకు? బోనం ఎత్తకుంట చేసింది నువ్వేనాయె. ఎత్తలేదని అడిగేది నువ్వేనాయె. నేనేడికి పోవాలె చెప్పు" అన్నాను. ముక్కు కారుతుంటే పైటతో తుడుచుకున్నాను.

పిల్ల కళ్లు తెరిచింది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ అమ్మమ్మా?"

"పోచమ్మ తోని."

"ఏడున్నది?"

"నీ పెయి మీదనే ఉన్నది బిడ్డా."

అది తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరి దురద పెట్టద్దని చెప్పు."

నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వినట్టు నాకు గుర్తులేదు. "నేను చెప్తె వినదు. నా మీద కోపం."

"ఎందుకు?"

"బువ్వ పెడ్తనని చెప్పి పెట్టలె."

"మరి పెట్టు" అంది పిల్ల. అని పక్కకు తిరిగి పడుకుంది.

పొక్కులు ఎండాయి. తల్లిని సాగనంపే రోజు, వేపాకు పసుపు నీళ్లతో పిల్లకు స్నానం పోశాం. వియ్యపురాలు కొత్త కుండలో సల్లబువ్వ కలిపింది. అన్నంలో మజ్జిగ పోసి, కుండకు పసుపు రాసి, వేపరెమ్మలు చుట్టింది. ఆ బువ్వ గోడ దగ్గర తల్లి పేరున పెట్టి, తర్వాత పిల్లకు తినిపించాలి. కుండ ఎత్తబోతూ నావైపు చూసి, "వదినె, జర వాకిట్ల కూసో. అయిపోయినంక పిలుస్త" అంది.

నేను లేచాను. నాకు అలవాటైన పనే.

"వద్దు" అంది పిల్ల. "అమ్మమ్మే పెట్టాలె."

"ముందుగాల నానమ్మ పెడ్తది బిడ్డా. అమ్మమ్మ తర్వాత పెడ్తది" అని వియ్యపురాలు బుజ్జగించబోయింది.

"కాదు. పోచమ్మకు అమ్మమ్మ మీద కోపం. అమ్మమ్మ పెడ్తనని పెట్టలేదంట. అమ్మమ్మే పెట్టాలె."

గుమ్మం అవతల నిలబడ్డ నా బిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వియ్యపురాలు కుండ పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. నిజంగా ఊపాను. నాకు భయమేసింది.

"తల్లి అడిగింది వదినె" అంది వియ్యపురాలు. "కాదనటానికి నేనెవలిని."

కుండ నా చేతికిచ్చింది. నెత్తిన పెట్టుకోలేదు. అంత ధైర్యం నాకు లేదు. రొమ్ముకు ఆనించుకుని, వంటింటి నుంచి ఆ గదిలోకి నడిచాను. మొదటి ముద్ద గోడ దగ్గర ఆకులో పెట్టాను. రెండో ముద్ద పిల్ల నోటి దగ్గరికి తీసుకుపోయాను. మజ్జిగ నా మణికట్టు మీదికి కారుతోంది. గాజుల్లేని మణికట్టు. పిల్ల నోరు తెరిచింది. నా వేళ్లతో సహా నోట్లో పెట్టుకుంది.

"ఇంకొంచెం" అంది.

అడుగు కనబడేదాకా పెట్టాను. అదంతా అయ్యాక వియ్యపురాలు ఆకులు తీస్తూ, "తిన్నది" అని ఒక్కమాట అంది. తిన్నది ఎవరో చెప్పలేదు, నేను అడగలేదు.

దీంతో నా బాధ తీరిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఊరికి తిరిగి వచ్చి తోటికోడలికి చెప్పాను. ఆమె ఏడ్చింది, పోయి ఆ పెద్దమనిషికి చెప్పింది. ఆయన, "గుడి కాడ తీరాల్సిన మొక్కు ఇంట్ల తీరుతదా" అన్నాడట. ఊళ్లో నేను ఇంకా మాట తప్పినదాన్నే. ఎవరింట్లో శుభకార్యం జరిగినా నేను వెనుక గదిలోనే. చాలా రోజులు పొద్దున లేవగానే రొమ్ము మీద రాయి ఉన్నట్టే ఉంటుంది. అది పసిపిల్ల, అమ్మమ్మ కావాలని మొండికేసింది, అంతేనేమో అని కూడా అనుకుంటాను. మా ఆయన ఎందుకు పోయాడో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల కూడా చెప్పలేదు.

అవ్వకు మాత్రం ఫోన్‌లో చెప్పాను. "నీ చేతితోనే తిన్నదా?" అని అడిగింది. "తిన్నదవ్వా" అన్నాను. "మల్లోపారి చెప్పు" అంది. మళ్లీ చెప్పాను.

ఈ ఏడు బోనాలకు తోటికోడలు నన్ను లోపలికి పొమ్మనడానికి వచ్చి, ఏమీ అనకుండా తల దించుకుని పోయింది. నేనే లోపలికి పోయాను. తలుపు సందులోంచి చూశాను. కుండల మీద దీపాలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. శివసత్తి మా వాకిలి ముందు ఆగింది. ఈసారీ చేయి చూపింది.

"నా బోనమేది?"

గొళ్లెం చల్లగా ఉంది. నేను బయటికి రాలేదు. తలుపుకు నుదురు ఆనించి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాను.

"తిన్నవు గదా తల్లీ. ఇంకొంచెం అని గూడ అడిగినవ్."